లేవకుండా ఒక అధ్యాయం

మా గ్రంథాలయంలో తెలుగు పుస్తకాలు రెండు బీరువాలే. గది చివర, కిటికీ పక్కన ఉంటాయి. చుట్టూ అందరూ తమిళం చదువుకుంటుంటే, నేను ఆ మూల కూర్చుని, బయట ఎవరితోనూ మాట్లాడని తెలుగును చదువుకునేదాన్ని. శనివారం మధ్యాహ్నాలన్నీ అక్కడే గడిచేవి. కిందటి వానాకాలం నుంచి వెళ్లడం మానేశాను. అక్కడ ఆడవాళ్ల బాత్‌రూముకు ఎప్పుడూ తాళమే. తాళంచెవి కౌంటరులో కూర్చునే ఆయన దగ్గర ఉంటుంది. అందరూ వింటుండగా మాటిమాటికీ అది అడగడం నా వల్ల కాదు.

నాకు నొప్పి లేదు, మంట లేదు. ఉన్నట్టుండి మూత్రం వస్తుందనిపిస్తుంది. అలా అనిపించడానికీ బట్టలు తడవడానికీ మధ్య పరిగెత్తేంత సమయం ఉండదు. ఎక్కువగా మా గుమ్మం ముందే జరిగేది. బయటి నుంచి ఎవరొచ్చినా కాళ్లు కడుక్కున్నాకే లోపలికి రావాలి. వ్యాసర్పాడి స్టేషను నుంచి బాగానే నడిచి వస్తాను. కుళాయి తిప్పి చల్లటి నీళ్లు పాదాల మీద పడ్డాయంటే ఇక ఆగదు. లేతరంగు చుడీదార్లన్నీ మడతపెట్టి పైన పెట్టేశాను.

అమ్మ పురసవాక్కంలో ఒక చీరల కొట్లో పనిచేస్తుంది. రోజంతా నిలబడే ఉండాలి. తనకు తెలిసిన ఉపాయమే నాకూ చెప్పింది.

"బయలుదేరే ముందర ఒక తడవ పొయ్యిరా పాపా. వచ్చినా రాకున్నా పొయ్యిరా. ఆడ యాడుంటాదో ఏమో. నీళ్లు మాత్రం తాగబాక."

"దప్పికైతే?"

"నోరు తడుపుకో, చాలు. నేను ఇన్నేండ్లు అట్టనే గదా ఉండేది. చచ్చిపోయినానా?"

అమ్మ చెప్పినట్టే చేశాను. ఇంకా ఎక్కువైంది. చివరికి తనే నన్ను ఒక లేడీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. ఆమెదీ తెలుగే. నన్ను అడిగినవాటికల్లా అమ్మ జవాబు చెబుతుంటే, "ఏమ్మా, మీ పాపకు నోరు లేదా?" అంది.

"ఉంది మేడమ్. ఇంట్లో పెట్టేసి వచ్చింది."

నవ్వు ఆపుకోలేకపోయాను. తర్వాత మాట్లాడాను కూడా.

పరీక్షలో ఇన్ఫెక్షన్ లేదని తేలింది. అవసరం లేకపోయినా వెళ్తూ ఉంటే, కొంచెం నిండగానే తొందరపెట్టడం మూత్రాశయానికి అలవాటైపోతుందట. నీళ్లు తగ్గిస్తే మూత్రం చిక్కబడి దాన్ని ఇంకా రెచ్చగొడుతుందట. తొందర వచ్చినప్పుడు పరుగెత్తకూడదు. కదలకుండా నిలబడో కూర్చునో, మూత్రం ఆపుకునే కింది కండరాలను గబగబా బిగించి వదులుతూ, అది తగ్గేదాకా ఆగాలి. ఆ తర్వాత నింపాదిగా నడిచి వెళ్లాలి. ఒకసారికీ మరోసారికీ మధ్య ఎడం కొద్దికొద్దిగా పెంచుకోవాలి. కాఫీ తగ్గించాలి. వారాలు పడుతుందని, అప్పటికీ కుదరకపోతే మందులున్నాయని చెప్పింది. వెళ్లిన వేళలు రాసిపెట్టమంది. రోజూ డైరీ రాసే నాకు అదొక్కటే సులువైన పని.

బస్టాపులో అమ్మ నావైపు తిరిగింది. "కొట్లో ఊరికూరికే పోతే సూపర్‌వైజరు ఒక మాదిరి చూస్తాడు," అంది. "అందుకే నీళ్లు మానుకున్నా. అదే నీకూ చెప్పినా." అమ్మ సంచిలోంచి నీళ్ల సీసా తీసి ముందు తనకే ఇచ్చాను.

కొన్నాళ్లు ఓడిపోతూనే ఉన్నాను. "ముందు లోపలికి పో, కాళ్లు పిమ్మట కడుక్కుందువు. ఇల్లేం మైలబడిపోదులే," అనేది అమ్మ.

మొన్న శనివారం గ్రంథాలయానికి వెళ్లాను. కిటికీలోంచి వెలుగు అదే చోట పడుతోంది. సగం అధ్యాయంలో తొందర మొదలైంది. పేజీ మీద వేలు పెట్టి, కదలకుండా కూర్చున్నాను. అక్షరాలు కనిపించడం మానేశాయి. కాసేపటికి మళ్లీ కనిపించాయి. ఇంకొంత చదివాను. రెండోసారి వచ్చినప్పుడు అది సద్దుమణిగేదాకా ఆగి, లేచి, నింపాదిగా కౌంటరు దగ్గరికి నడిచి తాళంచెవి అడిగాను.

అధ్యాయం పూర్తికాలేదు. ఆ పుస్తకాన్ని ఇంటికి తెచ్చుకోవచ్చు, కార్డు ఉంది. తెచ్చుకోలేదు. మిగిలిన పేజీలు అక్కడే, ఆ వెలుగులోనే కూర్చుని చదవాలని ఉంది.