ఇంటర్వ్యూలో నా వెనుక నిలబడ్డాయన

దయ్యాలను నేను ఎన్నడూ నమ్మలే. ఇది రాసినంక గూడ నమ్ముతనని చెప్పను. నాది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని. ప్రోగ్రాంల తప్పున్నదని ఎవరన్న చెప్తే, మళ్లొకసారి చేసి చూపెట్టుమంటం. ఒక్కసారి కనపడి మళ్ల కనపడనిదాన్ని మేము తప్పు కింద రాసుకోం. ఆరేండ్లు అదే పని చేసిన. నాకు జరిగింది గూడ ఒక్కసారే జరిగుంటే ఎప్పుడో మర్చిపోదును. మూడుసార్లు జరిగింది.

మాది సిరిసిల్ల. బాపు పవర్‌లూమ్ మీద పని చేస్తడు. నేను కరీంనగర్‌ల బీటెక్ చదివి, హైదరాబాద్‌ల ఉద్యోగానికి చేరిన. స్క్రీన్ మీద ఒక్కొక్క బటన్ నొక్కి, సరిగ్గ పని చేస్తుందా లేదా అని రాసుకుంట పోవుడే నా పని. మా టీం లీడ్ రెండుసార్లు పక్కకు పిలిచి చెప్పింది. "స్వరూపా, ఇదంత రేపు మిషన్లే చేసుకుంటయి. ఆటోమేషన్ నేర్చుకో" అని. నేర్చుకుంట నేర్చుకుంట అనుకుంటనే దాటేసిన. ఒకనాడు పొద్దున మీటింగని పిలిచి మా టీం మొత్తాన్ని తీసేసిన్రు. పగటీలికి ల్యాప్‌టాప్‌లు అప్పజెప్పి రోడ్డు మీదికొచ్చినం.

అప్పటికి నాకు ముప్పై ఏండ్లు. కరీంనగర్‌ల మా అక్క శారద ఇంటికి వచ్చిన. అక్క ఒక ప్రైవేటు దవాఖానల నర్సు. బావ దుబాయ్‌ల ఉంటడు. బాపుకు మాత్రం, ఇంటి నుంచే పని చేసుకొమ్మన్నరని అబద్ధం చెప్పిన. నా బిడ్డ సాఫ్ట్‌వేర్ అని వాడకట్టంత చెప్పుకునే మనిషికి ఇంకేం చెప్పాలె?

ఏ గంటకు ఏం చదవాలె, ఏ గంటకు ఎక్కడ అప్లికేషన్ పెట్టాలె అని చార్టు రాసి గోడకు అంటించిన. నెల రోజులు నడిచింది. తర్వాత తర్వాత పొద్దున కండ్లు తెరవంగనే ఫోన్ల మెయిల్ చూసుడు, ఏం రాలేదని మళ్ల ముసుగు తన్ని పండుకునుడు, ఇదే పనైంది. పిలిచినోళ్లు గూడ ముందుగాల అడిగేది ఒక్కటే. ఇన్ని నెలలు ఖాళీగ ఎందుకున్నరు?

మొదటిసారి జరిగింది ఒక మంగళవారం, పొద్దున పదకొండింటికి. వీడియో ఇంటర్వ్యూ. అక్క డ్యూటీకి పోయింది. ఇంట్ల నేనొక్కదాన్నే. తలుపు గొళ్లెం పెట్టుకొని కూసున్న. ఇరవై నిమిషాలు మంచిగనే నడిచింది. అంతల ప్రశ్నలడిగే మేడం ఆగి, మీ వెనుక నిలబడ్డ సార్‌ను జర బయటికి పొమ్మనండి అన్నది. తిరిగి చూస్తే గోడ, గోడకు కొక్కెం, కొక్కేనికి బావ అంగి. అది అంగి అని చెప్పిన. రెండు రోజులకు తీసుకుంటలేమని మెయిలొచ్చింది. ఆ అంగిని మడిచి బీరువల పెట్టిన.

మూడు వారాలకు ఇంకో కంపెనీ పిలిచింది. ఈసారి అడిగేటాయన వేరే. పది నిమిషాలు గాకముందే మీ వెనుక ఎవరో ఉన్నరన్నడు. నేను పక్కకు జరిగి ఉత్త గోడ చూపెట్టిన. "ఇప్పుడు మీతోటే ఎడమ దిక్కు జరిగిండు" అన్నడు. తెల్ల అంగి, మెడల ఐడీ కార్డు, మీ పాత ఆఫీసాయనేనా అని అడిగిండు. నా స్క్రీన్ మీద నా బొమ్మ గూడ కనపడుతుండె. అండ్ల నేనొక్కదాన్నే ఉన్న.

ఆ ఉద్యోగం గూడ పోయింది.

తప్పు ఎక్కడున్నదో తెల్వకపోతే ఒక్కొక్కటి మార్చుకుంట చూడాలె, అది మా పనిల అలవాటు. మూడోసారికి అన్నీ మార్చిన. అక్క వాళ్ల దవాఖానల మందులు పెట్టే అర్ర అడిగి తీసుకున్న. కిటికీ లేదు, ఒకటే తలుపు, తెల్ల గోడలు. ల్యాప్‌టాప్ వేరేవాళ్లది, నెట్ వేరే. తలుపు బయట అక్క స్టూల్ ఏసుకొని కూసున్నది. చదివిందంత నోటికొచ్చేదాక చదివి పోయిన. ఆ ఇంటర్వ్యూ గూడ పోతే ఇంక పిలిచేటోళ్లు లేరని నాకు తెలుసు.

అడిగేటాయన తెలుగాయనే. పావుగంట ఇంగ్లీషుల మాట్లాడి, ఉన్నట్టుండి తెలుగులకు దిగిండు.

"అమ్మా, ఇది పద్ధతి గాదు. ఆయన చెప్తుంటే మీరు నాకు ఒప్పజెప్తున్నరు."

"ఎవరు సార్? ఒట్టు, నేనొక్కదాన్నే ఉన్న."

"మెడల కార్డేసుకొని మీ భుజం పక్కనే ఉన్నడు గదా. నాకు కండ్లు లేవా?"

అంతే, కాల్ కట్ చేసిండు. నా ఏడుపు విని అక్క లోపలికొచ్చింది. టేబుల్ కింద చూసింది, అట్టపెట్టెల వెనుక చూసింది. "ఈ తలుపుల నుంచి ఎవ్వరు రాలే, ఎవ్వరు పోలే" అన్నది. సాయంత్రం మెయిలొచ్చింది. మోసం చేసినవు, ఏడాదిదాక మాకు అప్లికేషన్ పెట్టద్దని.

ఆ శనివారం అక్క నన్ను కొండగట్టు గుడికి తోల్కపోయింది. మనసు బాగలేనోళ్లను అక్కడికి తీస్కొచ్చి కొన్ని రోజులు ఉంచుతరు. వాళ్ల నడుమ కూసున్నంక నా బతుకు ఇక్కడిదాక వచ్చిందా అనుకున్న. కానీ ఒక్క మాట మాత్రం నన్ను విడువలే. పిచ్చి నాకైతే ఆయన నాకు కనపడాలె. నాకు కనపడలే. ఒకరికొకరు తెల్వని ముగ్గురికి కనపడ్డడు.

మూడు రోజుల తర్వాత ఒక పగటీలి మానేరు డ్యాం కట్ట మీదికి పోయిన. ఎందుకు పోయిన్నో అక్కకు ఇప్పటికీ చెప్పలే. ఎండకు కట్ట మీద మనిషి లేడు. నీళ్ల దిక్కు చూసుకుంట ఎంతసేపు కూసున్ననో యాది లేదు. అప్పుడు బాపు ఫోన్ చేసిండు.

"తిన్నవా బిడ్డా?"

ఆ ఒక్క మాటకు నా నోట్లకెళ్లి అంతా బయటికొచ్చింది. ఉద్యోగం పోయింది, అబద్ధం చెప్పిన, నన్ను దొంగ అన్నరు, అన్నీ. అటుదిక్కు మగ్గాల చప్పుడు ఇనబడుతుండె. బాపు బయటికి నడిచిండేమో, చప్పుడు తక్కువైంది.

"ఇన్ని నెలలు ఒక్కదానివే పరేషానైనవా?" అన్నడు. "మా బాపు చేతిమగ్గం నేసేటోడు. అది బందైనంక అరుగు మీద కూసున్నడు, మళ్ల లేవలే. నేను పోయి పవర్‌లూమ్ నేర్చుకున్న. నాకు గూడ భయమే ఉండె. నువ్వు ఇంటికి రా. ఇక్కడ కూసోని నేర్చుకో."

ఆ రోజే సిరిసిల్ల బస్సెక్కిన. ఐదు నెలలు ఇంట్లకెళ్లి కదలలే. వాడకట్టు మగ్గాల చప్పుడుకు చెవులల్ల దూది పెట్టుకొని ఆటోమేషన్ మొదటి నుంచి నేర్చుకున్న. తప్పులు చేసుకుంట, ఏడ్చుకుంట, నిజంగ నేర్చుకున్న. తర్వాత ఒక చిన్న కంపెనీ పిలిచింది. మాట మొదలుగాకముందే నేనే చెప్పిన, సార్, నా వెనుక ఎవరన్న కనపడితే ముందే చెప్పండని. ఆయన స్క్రీన్‌కు దగ్గరగ వంగి చూసిండు. ఎవరు లేరమ్మా అన్నడు. ఉద్యోగమొచ్చింది. జీతం పాతదానికన్న తక్కువే, కానీ కాళ్ల కింద నేల దొరికినట్టయింది.

ఇక్కడితోని అయిపోతే రాయకపోదును.

పోయిన ఏడాది మా టీంలకు మనుషులను తీసుకునే పని నాకే అప్పజెప్పిన్రు. నాతోని ఇంకో ఉద్యోగి గూడ ఉంటడు. ఒకనాడు పొద్దున చెన్నూరు అమ్మాయి ఒకామె వీడియోలకు వచ్చింది. వాళ్ల అవ్వకు పాణం బాగలేక రెండేండ్లు ఉద్యోగం మానేసిందట. నాలుగో ప్రశ్నకు జవాబు చెప్తుంటే, ఆమె వెనుక తెల్ల అంగి కనపడ్డది. మెడల కార్డు. ముఖం మీద వెలుతురు పడి కండ్లు తెలుస్తలేవు, కానీ పెదవులు తెలుస్తున్నయి. అవి మూసే ఉన్నయి. ఆయన ఒక్క మాట గూడ చెప్తలేడు. జవాబులన్నీ ఆ అమ్మాయివే.

నా తోటి ఉద్యోగి నా ఒక్కదానికే చాట్‌ల మెసేజ్ పెట్టిండు. ఆమె వెనుక ఎవరో ఉన్నరు, కట్ చేద్దామా అని.

వద్దు, పూర్తిగ విందాం అని రాసిన. తర్వాత ఆ అమ్మాయిని అడిగిన.

"అమ్మా, రూంల ఇంకెవరన్న ఉన్నరా?"

ఆమె వెనుకకు తిరిగి చూడలే. "లేరు మేడం. నేనొక్కదాన్నే. నిజం మేడం" అన్నది. ఆ ప్రశ్న ఆమెకు కొత్త గాదని గొంతు విన్నంక తెలిసింది.

జవాబులు ఆమెవేనని నా తోటాయనకు నచ్చజెప్పి, తీసుకోవాలె అని రాసి సంతకం పెట్టిన. ఆయన ఎవరో, మాలాంటోళ్ల వెనుకనే ఎందుకు నిలబడుతడో, మంచి కోసమో చెడు కోసమో, నాకు ఇప్పటికీ తెల్వదు. ఆ అమ్మాయి ఇప్పుడు నా పక్క సీట్లనే పని చేస్తది. రోజు కలిసే తింటం. నీ వెనుక ఎవరో ఉన్నరని ఇంతకుముందు ఎంతమంది అన్నరని ఇన్ని రోజులైనా అడగలేకపోతున్న. ఆమె గూడ నన్ను ఏదో అడగబోయి ఆగిపోతున్నట్టే అనిపిస్తది.