రేజ్ వదిలితే ఆగిపోయే బండి

పొద్దున ఓపెన్‌కాస్టు గనికి ఫస్ట్ షిఫ్టు డ్యూటీకి పోతుంటే చౌరస్తాలో బండి మళ్లీ ఆగిపోయింది. రేజ్ వదిలితే చాలు, నా పాత బండి ప్రాణం విడుస్తుంది. వెనక బొగ్గు లారీ హారన్ కొడుతుంటే నేను కిక్కు కొడుతూ నిలబడ్డాను. డ్యూటీకి ఆలస్యమై అందరి ముందు మాటలు పడ్డాను.

సాయంత్రం మెకానిక్ సలీం భాయ్ దగ్గరికి తోసుకెళ్లాను. కార్బురేటర్ నేనే విప్పి కడిగాననీ, స్క్రూ ఎటు తిప్పినా లాభం లేదనీ మొరపెట్టుకున్నాను. ఆయన బండి పక్కనున్న డబ్బా మూత విప్పి, ఎయిర్ ఫిల్టర్‌కు నేను చుట్టిన దస్తీ గుడ్డను బయటికి లాగాడు. అది మసిబట్టలా ఉంది.

"ఏందన్నా, బండికి గిట్ల మూతి కట్టేసినవ్?"

"దుమ్ము పోవద్దని, భాయ్. గనిల నేను గూడ గట్లనే కట్టుకుంట."

"గాలి ఆడకుంటె ఎట్ల నడుస్తది మరి?"

దస్తీ తీశాక బండి రేజ్ వదిలినా ఆగలేదు. నా సంతోషం ఎంతసేపు!

"ఈ దుమ్ముకు ఫిల్టర్ జల్ది ఖరాబైతది. ఈ మోడల్‌ది మంచిర్యాలల గూడ దొరుకుతలేదు" అన్నాడు సలీం భాయ్.

"మరేం చెయ్యాలె?" అని అడిగాను. ఆయన ఆ దస్తీని దులిపి మళ్లీ నా చేతిలోనే పెట్టాడు.

దారంతా దుమ్ముకు దగ్గుకుంటూ ఇంటికొచ్చాను. మన దగ్గర బండి దుమ్ము మింగకుండా ఊపిరి పీల్చే ఉపాయం ఎవరికైనా తెలిస్తే చెప్పండి. మనిషి సంగతి తర్వాత అడుగుతాను.