ఊట నీళ్లు పోసిన బండి

మా బండికి పదిహేనేళ్లు నిండాయని చెబితే చాలు, ఎదుటివాళ్ల మొహంలోకి ఒక జాలి వచ్చేస్తుంది. ఆ జాలి చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. యాభై దాటిన నన్ను ఎవరూ తుక్కు కింద అమ్మెయ్యమనడం లేదు కదా, పదిహేనేళ్ల ఇనుముకి ఏం పుట్టిందట?

డుంబ్రిగుడ దాటాక తారు రోడ్డు వదిలి, గెడ్డలనే రెండు కొండవాగులు దాటి, మట్టిదారిన పైకి ఎక్కితే మా ఊరు. ముప్పై గడప ఉంటుంది. నేను బడిపంతులమ్మను. నేను పాఠం చెప్పే బడి అవతలి కొండ మీద ఉంది. అద్దె జీపులవాళ్లు తారు రోడ్డు దగ్గరే దింపేస్తారు. మీ దారిలో వస్తే బండి మిగలదమ్మా అంటారు. విని విని విసుగెత్తి, నాలుగేళ్ల కిందట దాచుకున్నదంతా ఊడ్చి, కొండ కింద ఒక పెద్దమనిషి వాడి వదిలేసిన ఏడు సీట్ల డీజిల్ బండిని కొన్నాను. డ్రైవింగు నేర్చుకునేటప్పటికి నాకు నలభై తొమ్మిదేళ్లు. మా ఊళ్లో స్టీరింగు పట్టిన మొదటి ఆడదాన్ని నేనే. ఈ ముక్క గర్వంగానే రాస్తున్నాను.

మా ఇళ్లల్లో ఎవరు గడప తొక్కినా ముందు చెంబుతో నీళ్లివ్వాలి, మాటలు ఆ తర్వాతే. అవి కూడా ఊరి పైన బండ కింద నుంచి వచ్చే ఊట నీళ్లే అయ్యుండాలి. ఊళ్లోకి కొళాయి వచ్చినా మా అమ్మ దాని మొహం చూడదు. బండి వాకిట్లో ఆగిందో లేదో, అమ్మ చెంబుతో వచ్చి నిలబడింది.

"దీనికి నీళ్లు ఎక్కడ పొయ్యాలే?" అంది.

నేను బోనెట్ ఎత్తాను. రేడియేటరు పక్కన ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో నీళ్లు పచ్చగా ఉన్నాయి. అమ్మ వంగి చూసి మొహం చిట్లించింది.

"ఇయ్యేటే, పాసి నీళ్లు! కిందోళ్లు బండికి కూడా సెరువు నీళ్లే పోత్తారేటి? పారబొయ్యి బేగి!"

నాకూ అలాగే అనిపించింది. సైన్సు పాఠాలు చెప్పే నోటితో అడ్డు చెప్పలేదు సరికదా, నేనే కింద ప్లగ్గు తిప్పి ఆ పచ్చ నీళ్లన్నీ నేలపాలు చేశాను. తల్లీకూతుళ్లం కలిసి ఊట నీళ్లు నింపాం. అది పాచి కాదనీ, ఇంజను వేడెక్కకుండా, లోపల తుప్పు పట్టకుండా పోసే కూలెంటనీ ఆ రోజు మాకు తెలియదు. ఆ తర్వాత నాలుగేళ్లపాటు, బండి ఇల్లు చేరిన ప్రతిసారీ, ఇంజను చల్లారాక అమ్మ చెంబుతో వచ్చి తగ్గినంత మేర నింపేది.

బండి నన్ను ఏడిపించలేదని అబద్ధం చెప్పను. డిసెంబరు చలికి హీటరు ప్లగ్గులు మొరాయించేవి. అవతల బడిలో పిల్లలు ప్రార్థనకి నిలబడే వేళకి నేనింకా వాకిట్లో సెల్ఫ్ కొడుతూ ఉండేదాన్ని. గోతుల దెబ్బకి ముందు చక్రాల బుష్షులు ఏడాది తిరక్కుండా అరిగిపోయేవి. ఒకసారి క్లచ్ ప్లేటు, ఒకసారి ఆల్టర్నేటరు. వెనక తలుపుని తుప్పు తినేస్తే రేకు ముక్క అతికించి వెల్డింగు చేయించాను. ఇవన్నీ చేసింది డుంబ్రిగుడ సంత పక్కన రేకుల షెడ్డు వేసుకున్న మెకానిక్కు. కొత్త సామాను కొనమనే ముందు పాతది బతుకుతుందేమో చూసే మనిషి. ఏటా నా నెల జీతం ఒకటి అతని షెడ్డుకే పోయేది. పోనీ. ఇంటి కప్పు కారితే పెంకు మారుస్తాం గాని ఇల్లు వదిలి పోతామా?

పోయిన వానాకాలం చివర్లో ఒకరోజు, కొండ కిందున్న కోట టౌను నుంచి బడి పుస్తకాల కట్టలు వేసుకుని ఘాట్ ఎక్కుతుంటే వేడి చూపించే ముల్లు పైకి పాకడం మొదలుపెట్టింది. రెండుసార్లు ఆగాను, చల్లారనిచ్చాను. ఎలాగో ఊరి కింది ఎత్తు దాకా లాక్కొచ్చింది. అక్కడ బోనెట్ లోంచి బుస్సుమని ఆవిరి లేచి, ఇంజను ఆగిపోయింది. మిగతా దూరం ఊరివాళ్లు తోసి మా వాకిట్లో పెట్టారు.

సరిగ్గా ఆ తర్వాతి నెలలోనే బండికి పదిహేనేళ్లు నిండుతున్నాయి. బ్రేక్ ఇన్‌స్పెక్టరు బండిని పరీక్షించి పాస్ చేస్తే ఇంకో ఐదేళ్లు రోడ్డెక్కవచ్చు. లేకపోతే తుక్కే. పట్నంలో ఒక పెద్ద వర్క్‌షాపుకి ఫోన్ చేశాను. "పాత ఎస్‌యూవీ కదా మేడమ్, ఇంజను దించాలి. లక్షా ఇరవై దాటుతుంది. మీ బండికే అంత రాదు. స్క్రాప్‌కి ఇచ్చేయడం బెటర్," అన్నాడు అవతల కుర్రాడు. ఆ గొంతులో కూడా అదే జాలి.

మా అన్న మా ఊళ్లోనే నాలుగిళ్ల అవతల ఉంటాడు. వాకిట్లో బండి చుట్టూ తిరిగి, "ఇంకెందుకే ఈ గోల? తుక్కోడిని నాను తీసుకొత్తాను. ఆ డబ్బులెట్టి మేకల్ని కొనుక్కో," అన్నాడు.

"మేకనెక్కి బడికెళ్లమంటావేటి?" అన్నాను.

మర్నాడు మెకానిక్కు సామాన్ల సంచీ భుజాన వేసుకుని నడిచి వచ్చాడు. ఆయిలు పుల్ల బయటికి తీశాడు. ఆయిలు నీళ్లతో కలిసిపోయి పాల టీ రంగులో ఉంది. ఇన్నేళ్లలో అతనికి తెరవాల్సిన పని పడని రేడియేటరు మూత తీసి వేలు పెడితే వేలికి ఎర్ర బురద అంటుకుంది.

"టీచరమ్మా, ఇందులో ఏటి పోత్తన్నారు?"

గడపలో చెంబుతో నిలబడ్డ అమ్మ చెప్పింది, "ఊట నీళ్లు బాబూ. మంచి నీళ్లు."

అతను పాపం మెల్లగానే చెప్పాడు. మనిషికి మంచి నీళ్లే గాని, కొండ నీళ్లలో ఇనుమూ సున్నమూ ఉంటాయి, అవి లోపల పేరుకుని రేడియేటరు గొట్టాలు మూసుకుపోయాయి, ఇంజను కాగిపోయి దాని మీద మూతలా ఉండే హెడ్డు వంగింది, ఆ రెంటి మధ్య గ్యాస్కెట్ కాలిపోయింది. అమ్మ విన్నది. చెంబులో నీళ్లు జామచెట్టు మొదట్లో పోసి లోపలికి వెళ్లిపోయింది. ఆ రోజు అన్నం తినలేదు. నాన్న పోయినప్పుడు తప్ప అమ్మ నోరు మూతపడటం నేను చూడలేదు.

నాకు కోపం వచ్చింది. అమ్మ మీద కాదు, ఎవరి మీదో కూడా తెలియదు. ఒకటి మాత్రం తెలుసు. ఈ బండి తుక్కుకి పోతే, తన చేత్తో పోసిన నీళ్లే దాన్ని చంపాయని అమ్మ బతికినన్నాళ్లూ అనుకుంటుంది. అది నేను జరగనివ్వను. "ఎంతవుతుంది?" అని మెకానిక్కుని అడిగాను. హెడ్డు కోటలో లేతు షాపుకి పంపి చదును చేయించాలి, రేడియేటరు లోపలి భాగం మార్చాలి, వాటర్ పంపు, గ్యాస్కెట్ కొనాలి, మొత్తం ముప్పై రెండు వేలన్నాడు. చెవి దుద్దులు తీసి బ్యాంకులో పెట్టాను.

హెడ్డు ఊడదీశాక చిక్కు వచ్చింది. తారు రోడ్డు దాకా అంత బరువు ఎవరు మొయ్యాలి? అప్పటికి రెండు రోజులుగా మాట్లాడని అమ్మ బయటికి వచ్చి, అన్న వైపు తిరిగింది.

"కావిడి తియ్యి."

అన్న గొణుక్కుంటూనే తీశాడు. ఒక పక్క ఇంజను హెడ్డు, రెండో పక్క దానికి సరితూగేలా అల్లం బస్తా కట్టాం. అలా భుజాన వేసుకుని రెండు గెడ్డలూ దాటి, బస్సెక్కి, కోట వెళ్లాడు. బస్సులో జనం అదేమిటని అడిగితే, "మా సెల్లి బండి తలకాయ. వైద్యానికి తీసుకెళ్తన్నాను," అన్నాడట. లేతు షాపులో ఆ పని అయ్యేలోగా అల్లం అమ్ముకుని కూడా వచ్చాడు. మేకల మాట మళ్లీ ఎత్తలేదు.

వారం తర్వాత మెకానిక్కు అన్నీ బిగించి, రేడియేటరులో పచ్చటి కూలెంటు పోశాడు. అమ్మ దూరంగా పందిరి గుంజ దగ్గరే నిలబడి చూసింది. అలవాటు కొద్దీ చెంబు చేతిలోనే ఉంది. అతను అది చూసి, ఇంజను పక్కన ఇంకో మూత తెరిచాడు.

"అమ్మా, ఇలగ రా. నీ నీళ్లు ఇందులో పొయ్యి."

"నా మీద జాలా?" అంది అమ్మ.

"జాలేటి? ముందద్దం కడుక్కోడానికి నీళ్లక్కర్లేదా?"

అది అద్దం మీదికి నీళ్లు చిమ్మే డబ్బా. నాలుగేళ్లుగా నేను గుడ్డ పెట్టి తుడుచుకోవడమే గాని దాని జోలికి పోలేదు. మూసుకుపోయిన చిన్న రంధ్రాలని అతను గుండుసూదితో పొడిచి బాగుచేశాడు. అమ్మ నమ్మీ నమ్మనట్టు చెంబు వంచింది.

పరీక్ష రోజున బ్రేక్ ఇన్‌స్పెక్టరు కాగితాలు చూసి, బండిని చూసి, "ఇంకా నడుస్తోందా ఇది?" అన్నాడు.

"నడిపే కదండీ మీ ముందుకి తెచ్చాను," అన్నాను.

లైట్లు చూశాడు, హారన్ కొట్టించాడు, కొంత దూరం నడిపించి గట్టిగా బ్రేకు వెయ్యమన్నాడు. పొగ చూశాడు. చివరికి వైపర్ వెయ్యమన్నాడు. దారి దుమ్మంతా అద్దం మీద ఉంది. వైపర్ దాని మీద కరకరలాడుతూ తిరిగింది. "నీళ్లు రావా?" అన్నాడు. నేను స్టీరింగు పక్కనున్న పుల్ల లాగాను. రెండు ధారలు లేచి, అద్దం దాటి, బండి కప్పు మీదుగా వెళ్లి పక్కన నిలబడ్డ ఆయన భుజం మీద పడ్డాయి. ఆయన చొక్కా దులుపుకుని సంతకం పెట్టాడు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి అమ్మా అన్నా వాకిట్లోనే ఉన్నారు. ఇంకో ఐదేళ్లని చెప్పాను. జరిగింది జరిగినట్టు, ధారలు కప్పు దాటి ఇన్‌స్పెక్టరు భుజం తడిపిన సంగతితో సహా చెప్పాను. అన్న పగలబడి నవ్వాడు. అమ్మ నవ్వలేదు. గడ్డం పైకెత్తి, కొళాయి ఉన్న వైపు ఒకసారి చూసింది.

"ఆ కొళాయి నీళ్లయితే అంతెత్తు ఎగుర్నా?" అంది.

చెంబు నింపుకుని బండి దగ్గరికి నడిచింది. ఏ మూత తియ్యాలో నేను చూపించక్కర్లేకపోయింది.