అమ్మ లాగిన తాడు

నా చిన్నప్పుడు మా అమ్మకి క్షయ వచ్చింది. డెబ్భైల నాటి మాట. కొబ్బరితోట చివర తాటాకు పాక వేసి అమ్మని అందులో ఉంచారు. అటు మమ్మల్ని వెళ్ళనివ్వలేదు, ఏమైందని అడిగితే కసిరేవారు. నాన్నగారు పొద్దున్నే సైకిలెక్కి అమలాపురం మందులకి పోయేవారు, వచ్చినా మాతో మాట్లాడేవారు కాదు. అమ్మ పోయిందని, మాకు తెలియకుండా దాస్తున్నారని నాకు నమ్మకం కుదిరిపోయింది. ఆ మాట మా తమ్ముడి చెవిన కూడా వేశాను. నా నోటికి తాళం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. వాడు అన్నం ముట్టడం మానేశాడు.

వంట చేసిపెట్టడానికి నాన్నగారి అక్క, మా అత్త, జొన్నాడ నుంచి వచ్చింది. వచ్చిన పూటే మమ్మల్ని కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పేసింది. అమ్మకి ఊపిరితిత్తుల జబ్బు, దగ్గితే అంటుకుంటుంది, అందుకే దూరం, ఇంజక్షన్లు పడుతున్నాయి అంది. పసివాళ్ళతో ఇవేం మాటలని మా మామ్మ నెత్తి కొట్టుకుంది.

మా ఇళ్ళల్లో కొబ్బరి పీచుతో తాళ్ళు పేనేవారు. కొత్త తాడు తయారైతే ఇద్దరు చెరో కొసా పట్టుకుని లాగి, గట్టిదో కాదో చూసేవారు. అమ్మకీ మాకూ అదో ఆట. అత్త పొడుగాటి తాడొకటి తీసి, ఒక కొస అమ్మ మంచం దగ్గర ఉంచి, రెండోది మా వంటింటి అరుగు మీదికి తెచ్చింది. అన్నానికి కూర్చోగానే మేం లాగాలి, అమ్మ తిరిగి లాగాలి. మొదటిరోజు తాడు కదిలింది, చేప గాలాన్ని కొరికినట్టు. ఆ పూట తమ్ముడు కంచం నాకేశాడు.

తర్వాత జబ్బు ముదిరింది. మేం లాగినా తాడు అలాగే పడి ఉంది. తమ్ముడు చెయ్యి కడిగేసుకున్నాడు. మామ్మకి ప్రాణం విలవిల్లాడి, పాక వెనకనించి నువ్వే లాగెయ్యవే, వాళ్ళకేం తెలుస్తుంది అని అత్త చెవిలో ఊదింది.

“లాగనమ్మా. ఇవాళ నేను దొంగతనంగా లాగితే, రేపు వాళ్ళమ్మ నిజంగా లాగినా పిల్లలు నమ్మరు,” అంది అత్త.

మా దగ్గరకొచ్చి, అమ్మకి ఈవేళ చెయ్యెత్తే ఓపిక లేదని, మీరు లాగడం మాత్రం మానొద్దని చెప్పింది. ఏడుస్తూనే లాగేవాళ్ళం. అత్త బాగోలేని రోజు బాగోలేదనే చెప్పేది. అందుకేనేమో, తమ్ముడు మళ్ళీ నాలుగు మెతుకులు తినసాగాడు.

వానలు తగ్గాక ఒక మధ్యాహ్నం వాడు అలవాటుగా తాడు గుంజాడు. అవతల్నించి వచ్చిన గుంజుకి అరుగు మీంచి దబ్బున కిందపడ్డాడు. మోకాలు చెక్కుకుపోయింది. ఏడవాల్సిన వెధవ పడీపడీ నవ్వాడు. అత్త మా ఎదురుగానే గరిటె పట్టుకుని నిలబడి ఉంది. లాగిందెవరో ఒకరు చెప్పక్కర్లేదు. తోట చివరనుంచి అమ్మ నవ్వు వినిపించింది. మామ్మ నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చేసింది. నాన్నగారు అన్నం ముందునుంచి లేచి ఎంగిలి చేత్తోనే తోటలోకి పరిగెత్తారు. నాకు ఒళ్ళంతా పండగే! అమ్మ కోలుకుంది, నా మనవరాలికి కూడా జడలు వేసి గానీ కన్నుమూయలేదు.

మొన్నామధ్య మా కోడలికి పెద్ద ఆపరేషన్ అన్నారు. పిల్లలకి చెప్పొద్దని ఇంటిల్లిపాదీ గుసగుసలు. నేనూరుకుంటానా? పిలిచి అంతా చెప్పాను. మనవరాలు చాలాసేపు ఏడ్చి, కళ్ళు తుడుచుకుని అడిగింది.

“అయితే మామ్మా, అమ్మ బాగుందని నువ్వు చెప్పిన రోజు నిజంగా బాగున్నట్టేనా?”

“ఆయ్,” అన్నాను.