ప్రాణనష్టం లేదని నేనే రాశాను

2022 జూలైలో గోదావరి పొంగి యానాంలోకి నీళ్ళొచ్చాయి. అప్పటికి నర్సుగా నా సర్వీసు ఇరవై రెండేళ్ళు. నీళ్ళు తీశాక దరియాలతిప్ప ఊళ్ళో ఇంటింటికీ తిరిగి ఫారాలు నింపే పని మాకు పడింది. ఎవరికి జ్వరం, ఎవరికి విరేచనాలు, ప్రాణనష్టం ఉందా లేదా. సత్యవతి మామ్మ ఇంట్లో మనుషులంతా క్షేమం, ఇల్లూ నిలబడింది. "ప్రాణనష్టం లేదు" అని రాసి, "అదృష్టవంతురాలివి మామ్మా" అని కూడా అన్నాను.

డెబ్బై దాటిన మనిషి, బీపీ ఉంది. నెలనెలా మాత్రలిచ్చేటప్పుడు మాకొక పద్ధతుంది. పాత స్ట్రిప్, అంటే మాత్రలుండే రేకు, ఖాళీగా చూపిస్తేనే కొత్తది ఇస్తాం. వేసుకున్నారనడానికి అదే సాక్ష్యం. కోడలు దుర్గ మామ్మని వెంటబెట్టుకొచ్చి ఖాళీ రేకులు చూపించేది. బీపీ మాత్రం దిగేది కాదు. డోసు పెంచాలేమోనని డాక్టరుగారికి చెప్పింది నేనే. నేను పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్ళు.

మామ్మ చిక్కిపోతోంది. కాళ్ళు లాగుతున్నాయంటుంది, నిద్ర రాదంటుంది, తిండి సయించదంటుంది. ఓసారి వయసు అన్నాను, ఓసారి గ్యాస్ అన్నాను.

"మా అత్తయ్యకేం తక్కువండి? పాకలో గేదె పనుండేది, వరదలో గేదె పోయాక ఆ పనీ లేదు. హాయిగా కూర్చోమన్నామండి" అంది దుర్గ.

అక్టోబరులో ఒక పొద్దున్న అటు వెళ్ళినదాన్ని వాళ్ళ పెరట్లోకి తొంగిచూశాను. మామ్మ అరుగు మీద కూర్చుని, రేకులోంచి ఒక్కో మాత్రా నొక్కి చెత్తగుంటలో పడేస్తోంది. నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది.

"ఏం పని మామ్మా ఇది? పక్షవాతం వస్తే ఎవరు చేస్తారు?"

"రానియ్యమ్మా. బేగా పోతే మంచిదే కదా" అంది, కూరలో ఉప్పు గురించి చెప్పినంత మామూలుగా.

పక్కనే కూలబడి, ఎందుకని అడిగాను. రేకు పక్కన పెట్టి చెప్పింది.

"పడవోళ్ళు రండి రండని కంగారెట్టేసేరమ్మా. సాయంత్రానికి నీరు తీసేద్ది, ఈలోపు గేదె ఎటైనా పోద్దేమోనని రాటకి నేనే కట్టేసేను. రెండు ముళ్ళు ఏసేను. ఇప్పేసుంటే ఈదుకుని గట్టెక్కేది. పిలిస్తే పలికేదమ్మా అది. ఎంతసేపు అరిసిందో."

ఇంట్లో చెబితే "గేదే కదా, మనుషులం బతికాం" అన్నారట. అదే మాట నేను ఫారంలో రాశాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళాను. మానసిక వైద్యులు చూసి డిప్రెషన్ అన్నారు. మనసుకు పట్టే జబ్బు ఇది. పెద్దవాళ్ళలో చాలాసార్లు ఏడుపుగా కాకుండా ఒళ్ళునొప్పులుగా, ఆకలి చచ్చిపోవడంగా బయటపడుతుంది. మందులకు లొంగుతుంది. మామ్మని ఒంటరిగా వదలొద్దని, మాత్రలు కోడలే దగ్గరుండి వేయించాలని, ఏదో ఒక పని ఆవిడ చేతికివ్వమని చెప్పారు.

"పిచ్చి మందులేంటండి?" అని దుర్గ బెదిరిపోయింది.

"బీపీకి మందులివ్వట్లేదా? ఇదీ అంతే" అన్నాను.

నెలన్నరకి నిద్ర పట్టింది. అంతా ఒక్కసారిగా బాగుపడిపోలేదు. గట్టిగా వాన పట్టిన రోజు ముద్ద దిగేది కాదు. అలాంటి రోజుల్లో వెళ్ళి కాసేపు గేదె కబుర్లు చెప్పించుకునేదాన్ని. మొదట్లో ఏడ్చేది, తర్వాత్తర్వాత దాని పొగరు గురించి చెప్పి నవ్వేది.

ఇప్పటికీ ఖాళీ రేకులు అడుగుతాను. కానీ వాటిని చూసి ఊరుకోను. వరదొచ్చిన ఇళ్ళలో ఏం పోయిందని అడిగాక, ఏం వదిలేసి వచ్చారని కూడా అడుగుతాను. ఆ రెండో ప్రశ్నకి పెద్దవాళ్ళు తల దించుకుంటారు. అప్పుడు బ్యాగు పక్కన పెట్టి కూర్చోవాలి.

ఆ తర్వాత మళ్ళీ ఓసారి వరద హెచ్చరిక వచ్చింది. మామ్మని ముందే పునరావాస కేంద్రానికి పంపేద్దామని పరుగున వెళ్ళాను. ఇంట్లో లేదు. పక్క వీధిలో పాకపాకకీ తిరుగుతూ, కర్ర నేలకేసి కొడుతూ, "సామాన్లు తరవాత, ముందు తాళ్ళు ఇప్పండ్రా!" అని అరుస్తోంది.

నన్ను చూసి, "అలా సూత్తావేంటి సిస్టరమ్మా? ఈ ముడి నా సేతికి రావట్లేదు, పట్టు" అంది.

బురదలో మోకాళ్ళ మీద కూర్చుని ఆ ముడి విప్పాను.