చిన్నాన్న ముందుపన్ను

మొన్న మనవరాలి పెళ్లి ఫోటోల కోసం పళ్లు తెల్లగా చేయించుకుందామని పోయాను. ఈ వయసులో ఇదేం పోకడ అనకండి. డాక్టరమ్మ నోట్లోకి లైటు వేసి చూసి, "పళ్లు తెల్లబడతాయి గానీ పుచ్చుపన్నులో నింపిన ఈ సిమెంటు రంగు మారదండీ. ముందు తెల్లబరిచి, ఆ తర్వాత సిమెంటు మార్చాలి" అంది. నాకు నవ్వాగలేదు. ఈ ముక్క మా చిన్నాన్నకు డెబ్బై ఏళ్ల కిందట ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేది!

నందికొట్కూరు దగ్గర మా ఊళ్లో చిన్నాన్నంత ఆకువక్క నమిలినవాడు లేడు. ముందుపన్ను పుచ్చితే కర్నూలు డాక్టరు మిగతా పళ్లకు సరిపోయేలా చూసి మరీ గోధుమరంగు సిమెంటు నింపి పంపాడు. ఆ తర్వాత బనగానపల్లె నుంచి సంబంధం వచ్చింది. అమ్మాయి టీచరు. ఆకు నమిలే నోరైతే తనకొద్దని ముందే కబురు పెట్టింది. చిన్నాన్న ఆమెను ఎవరి పెళ్లిలోనో చూసి మనసు పడ్డవాడు, కబురందిన రోజే ఆకు మానేశాడు. నెలరోజులు ఉప్పు, బొగ్గుపొడి, నిమ్మతొక్క పెట్టి చిగుళ్లు మండేలా రుద్దాడు. పళ్లన్నీ తెల్లబడ్డాయి. సిమెంటు మాత్రం పాత రంగులోనే ఉండిపోయింది.

ఇక మనిషికి నిలకడ లేదు. అద్దం దగ్గరికి, వాకిట్లోకి, మళ్లీ అద్దం దగ్గరికి. కర్నూలుకు పరుగెత్తితే డాక్టరు ఊళ్లో లేడు. "ఇంగా నములుతాండానని అనుకుంటాదేమో మా!" అని వాళ్లమ్మను, అంటే మా జేజిని, పదిసార్లు అడిగాడు. "నోరు మూసుకోని కూసోరా, ఎవురు చూస్తారు?" అని ఆమె విసుక్కుంది.

పిల్లను చూడటానికి వాళ్లతో ఎనిమిదేళ్ల నేనూ బస్సెక్కాను. అక్కడ చిన్నాన్న పెదవి విప్పలేదు, అడిగినదానికల్లా తల ఊపాడు. భోజనాలయ్యాక పిల్ల తండ్రి తాంబూలం పళ్లెం తెచ్చి ముందు పెట్టాడు. వద్దంటే ఆ ఇంటిని అవమానించినట్టు, వేసుకుంటే సంబంధం పోయినట్టు. ఆయనకు చెమటలు పడుతుంటే నాకు ఏడుపొచ్చింది. చివరికి ఒక ఆకు తీసి కళ్లకద్దుకుని, మళ్లీ పళ్లెంలోనే పెట్టి, "ఇడ్సిపెట్టినానండీ, ఏమనుకోవద్దండి" అన్నాడు. నోరు తెరిచాక దాచేదేముంది? ఆ పన్ను అందరికీ కనబడింది.

తలుపు పక్కన నిలబడ్డ అమ్మాయి, "ముందు అన్నీ ఆ రంగేనా?" అని అడిగింది. చిన్నాన్న తల దించుకుని ఊపాడు. "అయితే శానా కష్టపడినారే!" అని పక్కున నవ్వి, తాంబూలం పళ్లెం తానే లోపలికి తీసుకుపోయింది.

మా చిన్నమ్మ అట్లా మా ఇంటికొచ్చింది. ఏళ్లు గడిచేకొద్దీ ఆయన మిగతా పళ్లూ పసుపెక్కి ఆ సిమెంటు రంగుకే వచ్చాయి. నెలలో కుదరాలని ఆయన అంత గాభరాపడ్డ ఆ రంగుల జోడీని, కాలం ఎవరూ అడగకుండానే తీరిగ్గా కుదిర్చిపెట్టింది.