సర్కారు తుమ్మ

తప్పుడు బెరడు తెచ్చింది తానేనని రాసిన కాగితం మీద హనుమంతు చేత సంతకం పెట్టించుకున్నారు. ఇంగ్లీషులో ఉన్న ఆ కాగితాన్ని ఎవరూ చదివి వినిపించలేదు. మర్నాటి నుంచి పనికి రావద్దన్నారు.

వికారాబాద్ దగ్గరి ఒక దంతవైద్య కళాశాలలో అతను ఏడేళ్లు ఎలుకలను సాకాడు. అక్కడ పొడవాటి ఇనుప చేయి ఉన్న యంత్రం ఉండేది. దాని కొసన డబ్బాలో ఎలుకను పెట్టి గిరగిరా తిప్పేవారు. యుద్ధవిమానం ఒక్కసారిగా మలుపు తిరిగితే పైలట్ ఒళ్లు ఎన్నో రెట్లు బరువెక్కుతుంది. ఆ బరువుకు చిగుళ్లు ఏమవుతాయన్నది డాక్టర్ మహిధర్ పరిశోధన. దించిన ఎలుకల చిగుళ్లు ఉబ్బి రక్తం కారేది. అవి మేత ముట్టేవి కావు.

"నల్లతుమ్మ బెరడు కషాయం పోసి చూడుండ్రి సార్. మా అమ్మ గదే పుక్కిలిస్తది. ఎనబై ఏండ్లకు గూడ మటన్ బొక్కలు కొరుకుతది" అన్నాడు హనుమంతు ఒకనాడు.

మోమిన్‌పేట్ పొలంగట్ల నుంచి బెరడు తనే కొట్టుకొచ్చాడు. వారం ముందు నుంచీ కషాయం తాగిన ఎలుకల చిగుళ్లు తక్కువ ఉబ్బాయి, తొందరగా మానాయి. డాక్టరు సంబరపడ్డాడు. రెండో విడతకు తాండూరు వ్యాపారి దగ్గర సంచులకొద్దీ బెరడు తెప్పించాడు. హనుమంతు ఒక ముక్క కొరికి ఉమ్మేశాడు.

"గిది సర్కారు తుమ్మ సార్."

"గవర్నమెంటుదా? ఇంకా మంచిది, కల్తీ ఉండదు" అన్నాడు హైదరాబాదులో పెరిగిన మహిధర్.

"సర్కారుది కాదు సార్, దాని పేరే గట్ల. కంపచెట్టు. పొయ్యిలకు తప్ప పనికిరాదు."

"నువ్వు ఎలుకల్ని చూసుకో, హనుమంతూ."

ఈసారి ఎలుకలకు ఉత్త నీళ్లు తాగినట్టే రక్తం కారింది. పరిశోధనకు డబ్బిచ్చినవాళ్లు తనిఖీకి వచ్చి, బెరడు వేరేదని తేల్చారు. వాళ్లకు ఎవరో ఒకరి తప్పు చూపించాలి. చూపించారు.

తర్వాత అతను తాండూరులో నేను పనిచేసే బండల పాలిష్ యూనిట్‌లో చేరాడు. పని పోయినందుకు అంత బాధ లేదు. ఇదివరకు పంటినొప్పికి అతని దగ్గరికొచ్చే ఊరివాళ్లే "బెరడు గుర్తుపట్టనోడు" అనసాగారు. అదే అతన్ని తినేసింది. అతని దగ్గరున్న కాగితం నకలు నేనే చదివి చెప్పాను.

"కోర్టుకు పోదామన్నా" అన్నాను.

"కోర్టెందుకు తమ్మి? గా కాగితంల నా మీద రాసిన ముచ్చట తీసేస్తే సాలు."

ఈ ఏడాది మహిధరే యూనిట్‌కు వచ్చాడు. ప్రయోగం మళ్లీ చేస్తున్నాడట, అసలు బెరడు కావాలట. హనుమంతు మిషను ఆపలేదు.

"ముందు కాగితం మార్చుండ్రి సార్. బెరడు సంగతి తర్వాత."

రెండు వారాలకు ఉత్తరం వచ్చింది. బెరడును గుర్తించడంలో పొరపాటు జరిగిందనీ, అందుకు హనుమంతు బాధ్యుడు కాడనీ ఉంది.

"ఎవరు చేసిండ్రో మాత్రం రాయలే. దొంగరాత" అన్నాను.

అతను మళ్లీ చదవమన్నాడు. తన పేరు ఎక్కడుందో వేలు పెట్టి చూపించమన్నాడు. దాన్ని ఊళ్లో నలుగురికీ చదివించాడని తర్వాత విన్నాను.

చివరిసారి తాండూరు బస్టాండులో, మోమిన్‌పేట్ బస్సు కోసం చూస్తూ కనిపించాడు. గొడ్డలిని గోనెసంచిలో చుట్టి పట్టుకున్నాడు.

"మళ్ల వాళ్ల కోసమే పోతున్నవా? సిగ్గులేదా అన్నా?" అన్నాను.

"ఆయన తప్పు ఆయన రాసుకుంటడో లేదో నాకెందుకు తమ్మి. ఎలుకల నోట్లె పోసేది నల్లతుమ్మనే గావాలె. జర జరుగు, బస్సొచ్చింది."